‘ఏమీ జరగలేదు’ అని నేనే నొక్కాను

నెల్లూరు నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కంపెనీ పేరు, సైటు ఉన్న పేట బయటికి రాకూడదన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 26 ఏళ్లు. ఆత్మకూరు వైపు పల్లె. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, నెల్లూరు ఊరి చివర కడుతున్న తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంటులో ఏడాదిన్నరగా సేఫ్టీ సూపర్‌వైజరుగా ఉన్నారు. రోజూ 140 మంది దాకా పనిచేస్తారు. సగం మంది మన జిల్లా వాళ్లు, మిగతా వాళ్లు ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. ఎనిమిది నెలల కిందట హెడ్డాఫీసు ఒక యాప్ తెచ్చింది. పొద్దున్నే ఫోనుకు ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. గోతులు, పరంజాలు, స్లాబు అంచులు, లిఫ్టు గుంతలు రోజూ ఫోటో తీసి ఎక్కించాలి. ప్రమాదం జరిగినా, తృటిలో తప్పినా అందులోనే రాయాలి. దాంతోపాటే కెమెరాలూ వచ్చాయి. హెల్మెట్ లేని తలను అవే పట్టుకుంటాయి, పట్టుకున్న ప్రతిసారీ కూలిలో 200 రూపాయలు కోత. యాప్‌లో ఏదైనా సంఘటన నమోదైతే ఆ ముఠా మేస్త్రి బిల్లులో 5,000 ఆపేస్తారు.

ఆ సైటులో బేల్దారి పని చేయించే మేస్త్రి వాళ్ల ఊరాయనే. వాళ్ల నాన్నతో కలిసి పనిచేసినవాడు, ఆమె ‘మామ’ అని పిలుస్తారు. ఈ ఉద్యోగం ఉందని చెప్పి తీసుకెళ్లింది కూడా ఆయనే.

ఆరు వారాల కిందట, వాన పడి వెలిసిన ఒక మధ్యాహ్నం, నాలుగో అంతస్తులో పైపుల కోసం వదిలిన డక్టు కన్నం మీది ప్లైవుడ్ ముక్క జరిగింది. మేస్త్రి ముఠాలోని 19 ఏళ్ల ఒడిశా కుర్రాడు అందులోకి జారిపోయాడు. కింది అంతస్తులో అడ్డంగా పొడుచుకొచ్చిన రాడ్లకు చంక తగులుకుని ఆగాడు కాబట్టి బతికాడు. చెయ్యి గీరుకుపోయింది, పక్కటెముకల దగ్గర నొప్పి. మేస్త్రి పరుగున వచ్చి ఈమె చేతులు పట్టుకున్నాడట: “రాయబాక పాపా. నా బిల్లు ఆగిపోద్ది. ఆ పిల్లోణ్ణి రైలెక్కించేస్తారు. ఏం కాలేదు గదా, దేవుడు చూశాడు.”

ఆమె రాయలేదు. ఆ రోజు గడిలో ‘సంఘటనలు లేవు’ అని నొక్కారు. కుర్రాడు నాలుగు రోజులు గదిలో పడుకున్నాడు. యాప్‌లో అది ‘సొంత పని మీద సెలవు’గా పడింది. మర్నాడు ఆ కన్నం ఫోటో పెట్టాల్సి వస్తే, అంతకు ముందు వారం తీసిన ఫోటోనే గ్యాలరీలోంచి ఎక్కించారు. ఒకసారి చేశాక రెండోసారి తేలికైంది. ఇప్పుడు వారంలో సగం ఫోటోలు పాతవే. పోయిన నెల సైటుకు ‘ప్రమాదాలు సున్నా’ అని ప్రశంసాపత్రం వచ్చింది. ఈమెకు 5,000 బహుమతి ఇచ్చి, ఒంగోలు దగ్గర మొదలయ్యే కొత్త సైటు కూడా చూసుకోమన్నారు. ఆ కన్నం మీద ఇప్పటికీ అదే ప్లైవుడ్ ఉంది.

ఉత్తరం చివర ఇలా రాశారు: “మా నాన్న కూడా బేల్దారే. 2008లో సరుగుడు కర్రల పరంజా మీంచి పడి తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఇంటి దగ్గర జారిపడ్డానని చెప్పమన్నారంట. అట్లానే చెప్పాడు. ఒక్క రూపాయి రాలేదు. ఆ రోజు నాన్నను భుజాన వేసుకుని తెచ్చింది ఈ మామే. ఆయన చేతులు పట్టుకుంటే కాదనడం ఎట్లా? నిజం చెబితే నా ఉద్యోగం ఉంటుందా? ఈ యాపులు, కెమెరాలు మనుషుల్ని కాపాడతాయా, మా చేత అబద్ధాలు రాయించడానికే వచ్చాయా?”

అమ్మా,

మీ ప్రశ్నలకు వచ్చే ముందు రెండు పనులు. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ నిర్ణయం కోసమూ ఆగక్కర్లేదు.

మొదటిది ఆ కన్నం. ప్లైవుడ్ ఊరికే పరిస్తే అది మూత కాదు, కన్నాన్ని కంటికి కనపడకుండా చేసే ఉచ్చు. కింద నాలుగు పక్కలా చెక్క బద్దలు కొట్టి అటూ ఇటూ జరగకుండా చేయించండి, లేదా స్లాబుకు బోల్టులు వేయించండి. మనిషి బరువు, సిమెంటు తట్టల బరువు మోయగల మందం ఉండాలి. పైన ఎర్ర రంగు పూసి తెలుగులోనూ ఒడియాలోనూ ‘కింద కన్నం’ అని రాయించండి. ఇక మీద పోయబోయే స్లాబుల్లో, డక్టు దగ్గర రాడ్లు కత్తిరించకుండా జాలీలా అలాగే వదిలేయమని ఇంజినీరును అడగండి. పైపులు వేసేటప్పుడు కోసుకోవచ్చు. మీ కుర్రాణ్ణి ఆపింది కూడా రాడ్లే కదా, ఈసారి అవి కావాలనే అక్కడ ఉండాలి.

రెండోది ఆ కుర్రాడు. నొప్పి తగ్గిందన్నాడని వదిలేయకండి. ఒకసారి డాక్టరుకు చూపించి, పడిన తీరు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఎక్స్‌రే అవసరమేమో అడగండి. గదిలో జారిపడ్డానని మాత్రం చెప్పనివ్వకండి. ఆ మాట ఖరీదెంతో మీ ఇంట్లో అందరికన్నా మీకే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఉత్తరంలో మూడు చోట్ల ‘తృటిలో తప్పింది’ అని రాశారు. తప్పలేదమ్మా. అది ప్రమాదమే. దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు గానీ, అంతకు మించి గానీ పనికి రాలేకపోతే ఆ సంగతి యజమాని అధికారులకు తెలియజేయాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ (పనిచోట భద్రత గురించిన చట్టం) ఆ 48 గంటల లెక్కే ఉంది. ఇంకో లెక్క కూడా ఉంది. పనిలో తగిలిన దెబ్బ వల్ల మూడు రోజులకు మించి పని చేయలేకపోతే పరిహారం అడిగే హక్కు వస్తుంది. రెండేళ్లలోగా అర్జీ పెట్టుకోవాలి. ఆ కుర్రాడు పడుకున్నది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ కాగితం మీద ‘సొంత పని’ అయిపోయాయి. రేపు ఆ పక్కటెముక వల్ల అతను తట్ట ఎత్తలేకపోతే, సైటులోనే పడ్డాడనడానికి మీ యాప్‌లో ఒక్క ముక్క కూడా దొరకదు. అధికారులకు తెలియజేయాల్సింది యజమానే, మీరు కాదు. కానీ మీరు ‘లేవు’ అని నొక్కాక ఆ యజమానికి తెలిసే దారి లేకుండా పోయింది.

మిమ్మల్ని గాయపరచాలని చెప్పడం లేదు. ఈ మాట మెత్తగా చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుందని గట్టిగా చెబుతున్నాను. మీ చేత ఆ గడి నొక్కించిన ఏర్పాటు ఏదో కూడా అంతే గట్టిగా చెప్పాలి.

నేను ఇంజినీరుగా పనిచేసిన రోజుల్లో యాపులు లేవు. నీలం అట్ట రిజిస్టరు ఉండేది. ఒక కాలవ పని దగ్గర ప్రమాదాల గడిలో నెలల తరబడి ‘నిల్’ అని రాసుకుంటూ పోయాం. కింద సంతకం నాదే. ఒక రోజు తవ్విన గట్టు కూలి ఒకతను నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. చేతులతో తవ్వి తీశాం, బతికాడు. ఆ తర్వాత తెలిసింది, అంతకు ముందు వారంలోనే రెండుసార్లు అదే చోట మట్టి జారిందని. ఆ సంగతి అక్కడి కూలీలందరికీ తెలుసు, నా రిజిస్టరుకు తెలియదు. నాకెందుకు చెప్పలేదని అడిగితే ఒక పెద్దాయన, “చెబితే పని ఆపేస్తారు, ఆ రోజు కూలి ఎవరిస్తారయ్యా?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. చెప్పినవాడు నష్టపోయే చోట ఎవరూ చెప్పరు. రిజిస్టరు పోయి ఫోను వచ్చినంత మాత్రాన ఇది మారదు.

విమానాల వాళ్లు ఈ ముడిని చాలా ముందే విప్పారు. అమెరికాలో 1976 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. పైలట్లు, విమాన సిబ్బంది తాము చేసిన పొరపాట్లను, తృటిలో తప్పిన ప్రమాదాలను స్వయంగా రాసి పంపుతారు. ఆ ఉత్తరాలు వెళ్లేది శిక్షించే అధికారం ఉన్న విమానయాన శాఖకు కాదు, నాసాకు. నాసా వాళ్లు పేర్లు తీసేసి, అందులోని పాఠాన్ని అందరికీ పంచుతారు. కావాలని చేసింది, నేరం, నిజంగా జరిగిన ప్రమాదం కాకపోతే, పది రోజుల్లోగా రాసినవాళ్లకు జరిమానా నుంచి మినహాయింపు కూడా ఉంది. వినే చెయ్యి వేరు, కొట్టే చెయ్యి వేరు అన్నమాట. మీ సైటులో ఈ రెండూ ఒకే యాప్‌లో ఉన్నాయి. సంఘటన రాస్తే మేస్త్రి బిల్లు ఆగుతుంది, రాయకపోతే మీకు బహుమతి వస్తుంది. ఇలా కట్టిన యంత్రం ఎక్కడైనా ‘సున్నా’నే చూపిస్తుంది. తొమ్మిది అంతస్తుల పనిలో, 140 మంది మధ్య, ఎనిమిది నెలల్లో ఒక్క రాయి జారలేదు, ఒక్క కాలు తడబడలేదు అంటే అనుభవం ఉన్న ఏ మేనేజరుకైనా అనుమానం రావాలి, ఆనందం కాదు. పైగా ఆ సున్నాను నమ్మి వచ్చే ఏడాది వలలకు, రెయిలింగులకు డబ్బు తగ్గిస్తారు.

హెల్మెట్ కోతల గురించి మీకు తెలియాల్సింది ఒకటుంది. కూలిలోంచి జరిమానా పట్టుకోవడం యజమాని ఇష్టం కాదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఒకటే హద్దు: ఒక జీత కాలంలో మొత్తం జరిమానా ఆ కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు. ఏ తప్పుకు జరిమానా వేస్తారో ముందే ప్రభుత్వ ఆమోదంతో నోటీసు పెట్టాలి. ఆ మనిషి చెప్పుకునేది వినాలి. వసూలైన డబ్బు రిజిస్టరులో రాసి, కార్మికులకు మేలు చేసే పనులకే ఖర్చు పెట్టాలి. నెలకు 18,000 వచ్చే మనిషికి 3 శాతం అంటే 540. అంటే నెలలో మూడోసారి 200 కోసేసరికే హద్దు దాటిపోతుంది. వారానికోసారి కూలి లెక్కగట్టే చోటైతే ఒక్క కోతతోనే దాటుతుంది. మీ మేనేజరుకు ఈ సంగతి తెలిసి చేస్తున్నారని నేను అనుకోను. తెలిస్తే మాత్రం కంపెనీ వకీలు కోతలు ఆపించేస్తారు. ఇది మీ చేతిలో ఉన్న మంచి వాదన, దాచుకోండి, కిందికొచ్చాక చెబుతాను.

ఇక యాపులు, కెమెరాలు మనుషుల్ని కాపాడతాయా అన్నారు. కాపాడతాయి, అవి దేని వైపు చూస్తున్నాయన్న దాన్ని బట్టి. మీ కెమెరా మనిషి తల వైపు చూస్తోంది. హెల్మెట్ లేకపోవడం కూలి తప్పుగా కనిపిస్తుంది కాబట్టి చూడటానికి అది అందరికీ ఇష్టం. మూత లేని కన్నం కంపెనీ తప్పు, దాన్ని ఏ కెమెరా పట్టుకోవడం లేదు. నాలుగో అంతస్తు నుంచి జారేవాణ్ణి హెల్మెట్ కాపాడలేదు, కన్నానికి మూత కాపాడుతుంది.

మీ సైటులో కన్నాలన్నింటికీ నంబర్లు వేయించండి. ప్రతి మూత పక్కనా గోడకు ఒక క్యూఆర్ స్టిక్కరు అంటించండి. దాన్ని అక్కడికక్కడ స్కాన్ చేస్తేనే కెమెరా తెరుచుకోవాలి, గ్యాలరీలోంచి ఫోటో తీసుకోకూడదు, తేదీ, సమయం ఫోటో మీదే పడాలి. ఇలాంటి మార్పు చాలా యాపుల్లో సెట్టింగుల్లోనే ఉంటుంది. జీపీఎస్‌ను నమ్ముకోకండి. కాంక్రీటు లోపల అది మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ తేడా చెప్పలేదు. బేస్‌మెంటులో సిగ్నల్ అందదు కాబట్టి, ఫోనులోనే దాచుకుని పైకి వచ్చాక పంపే ఏర్పాటుండాలి. ఇదంతా జరిగితే పాత ఫోటో పెట్టే వీలు మీకు ఉండదు. మీకు అదే మేలు. మళ్లీ ఎవరో చేతులు పట్టుకున్నప్పుడు, “మామా, యాప్ ఒప్పుకోదు” అనగలుగుతారు.

ఫోను ఇంకా గొప్పగా పనికొచ్చే చోటు సెంట్రింగ్, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద కట్టే పలకలు, ఊతాల పని. తొందరపడి ఊతాలు తీస్తే స్లాబు కూలే ప్రమాదం ఉంది. తేదీ ఎవరికీ గుర్తుండదు, సామాను పక్క బ్లాకుకు కావాలంటారు, విప్పేస్తారు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటు వాడితే 4.5 మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఊతాలు ఉంచాలి. దూలాలకు 6 మీటర్ల లోపైతే 14, మించితే 21. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు అయితే ఇంకా ఆగాల్సి రావచ్చు. స్లాబు పోసిన రోజే ఫోనులో తేదీ ఎక్కిస్తే, గడువు నిండేదాకా ఆ స్లాబు పేరు ఎర్రగా, నిండాక పచ్చగా చూపించడం ఏ యాప్‌కైనా చిన్న పని. కాంక్రీటులో రాడ్డుకు కట్టే ఉష్ణోగ్రత సెన్సార్లు కూడా వచ్చాయి. లోపలి వేడిని గంటగంటకూ ఫోనుకు పంపి, బలం ఎంత వచ్చిందో అంచనా కడతాయి. అయితే మీరు వాడే మిశ్రమానికి ముందుగా ల్యాబులో లెక్క కట్టించుకోకపోతే ఆ అంచనాకు విలువ లేదు. మీలాంటి సైటుకు ముందు తేదీల పట్టిక చాలు.

పెన్నా ఒడ్డు ఇసక నేలల్లో పునాదులు తవ్వేటప్పుడు కూడా అంతే. ఒకటిన్నర మీటరు దాటిన గోతికి ఊతపు గోడ కట్టాలి. తవ్విన మట్టి అంచు నుంచి ఒకటిన్నర మీటరైనా, గోతి లోతులో సగమైనా, ఏది ఎక్కువైతే అంత దూరం పోయాలి. కార్తీకంలో వాయుగుండం పట్టిన మర్నాడు, గోతి అంచు ఫోటో ఎక్కించి ఇంజినీరు సరే అంటే తప్ప ఎవరూ దిగకూడదని యాప్‌లో పెట్టించండి. ఒంగోలు సైటు మీకే ఇస్తే మొదటి రోజు నుంచీ ఇది ఉండాలి.

సరే, ఇప్పుడు మీరేం చేయాలన్నది. నేను ఆజ్ఞ వేయలేను, దారులు చెబుతాను.

ఏమీ చెప్పకుండా ఊరుకోవచ్చు. ఉద్యోగం ఉంటుంది, మామ ఉంటాడు, ఒంగోలు ప్రమోషను వస్తుంది. కానీ ఆ పాత ఫోటోలన్నీ మీ లాగిన్‌తో, మీ పేరుతో సర్వరులో ఉన్నాయి. ఏ రోజైనా ఎవరైనా ఆ కన్నంలో పడితే, పోలీసులు వచ్చాక మొదట తెరిచేది అదే. ఆ పూట మేనేజరు, “మా దగ్గర మూత ఉన్నట్టు ఫోటో ఉంది, పెట్టింది ఈ అమ్మాయి” అంటారు. తొమ్మిది అంతస్తుల బరువు మీ ఒక్కరి మీదికి వస్తుంది.

రేపే వెళ్లి మేనేజరుకు అన్నీ చెప్పేయొచ్చు. మనసు తేలికవుతుంది. కానీ ఇప్పుడున్న నియమాల్లో చెబితే మామ బిల్లు ఆగుతుంది, కుర్రాణ్ణి ఊరికి పంపేస్తారు, ‘ఆ పిల్లకు చెబితే ఇంతే’ అని మిగతా ముఠాలన్నీ మీకు ఇంకెప్పుడూ ఏదీ చెప్పవు. నిజం బయటపడుతుంది గానీ ఆ తర్వాత వచ్చే నిజాలన్నీ మూసుకుపోతాయి.

రాజీనామా చేయవచ్చు. మీకు అది గౌరవంగానే అనిపించొచ్చు. కానీ మీ చోటికి వచ్చేవాళ్లకు ఆ కన్నం కథ తెలియదు, అదే యాప్, అదే కోత వాళ్లకూ అందుతాయి.

నాకు ఎక్కువ నచ్చిన దారి ఇది, కానీ దీనిలోనూ దెబ్బ ఉంది. ముందు మామతోనూ ఆ కుర్రాడితోనూ మాట్లాడండి. వాళ్లకు తెలియకుండా పైకి చెప్పకండి. తర్వాత మేనేజరుకు మీరే ఒక ఉత్తరం రాయండి, మెయిల్‌లో. ఫలానా రోజు ఇది జరిగింది, నేను నమోదు చేయలేదు, ఆ తర్వాత పాత ఫోటోలు పెట్టాను, తప్పు నాది అని. పాత తేదీ వేసి దిద్దకండి, అది ఇంకో అబద్ధమవుతుంది. ఈ రోజు తేదీతోనే, ఆలస్యంగా రాస్తున్నానని చెప్పి రాయండి. బహుమతి 5,000 నాకు చెందదు, తిరిగి తీసుకోండి అని కూడా రాయండి. అదే ఉత్తరంలో, ఎందుకు రాయలేదో చెప్పండి. సంఘటన రాస్తే మేస్త్రి బిల్లు ఆపే నియమం వల్ల ఎవరూ ఏదీ చెప్పడం లేదని, హెల్మెట్ కోతలు వేతన చట్టం హద్దు దాటుతున్నాయని. ఇందాక దాచుకోమన్న వాదన ఇక్కడ వాడండి, బెదిరింపుగా కాదు, కంపెనీ మేలు కోరి చెబుతున్నట్టు. నిజంగానే అది వాళ్ల మేలు. హెల్మెట్లు, బెల్టులు యజమానే ఉచితంగా ఇవ్వాలి కాబట్టి, ముందు ఎంతమందికి సరైన కొలత హెల్మెట్ ఉందో లెక్క తీసి జత చేస్తే ఇంకా మంచిది.

అప్పుడు మీరు అడగాల్సింది: మూడు నెలలు ఈ సైటులో సంఘటన రాసినందుకు ఎవరి బిల్లూ ఆపకండి. ఎన్ని సంఘటనలు లేవన్నది కాక, ఎన్ని చెప్పారు, చెప్పినవాటిలో ఎన్ని మర్నాటికల్లా సరిచేశాం అన్నది లెక్క పెట్టండి. ఒడిశా వాళ్లు వాళ్ల భాషలోనే వాయిస్ మెసేజ్ పెట్టే వీలు కల్పించండి, ఇంగ్లీషు గడులు వాళ్లకు అడ్డుగోడలు. చెప్పినవాడికి ‘సరిచేశాం’ అని తిరిగి ఒక ఫోటో పోవాలి. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదేనని నేను నమ్ముతాను. రెండుసార్లు చెప్పి ఏమీ మారకపోతే మూడోసారి ఎవరూ నోరు విప్పరు.

ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. మంచి మేనేజరైతే మీ విలువ పెరుగుతుంది, మెమో ఇచ్చి ఊరుకుంటారు. కాకపోతే నెల్లోపు మిమ్మల్ని పంపించేస్తారు. అందుకే ఉత్తరం కాపీ మీ సొంత మెయిల్‌లో ఉంచుకోండి. రోజూ ఏం చూశారో చిన్న డైరీలో తేదీ వేసి రాసుకోండి. కూలీల ముఖాల ఫోటోలు, ఆధార్ వివరాలు మాత్రం మీ ఫోనులోకి తెచ్చుకోకండి, అవి వాళ్లవి. మూడు నెలల ఖర్చుకు డబ్బు చేతిలో ఉన్నాక ఉత్తరం పంపుతానంటే తప్పు పట్టను, కన్నం మీది మూత, కుర్రాడి వైద్యం ఆగనంత వరకు.

వాళ్లు వినకపోతే బయటి దారి ఉంది. ప్రాణాపాయం ఉందని సరైన కారణంతో అనిపిస్తే ఆ సంగతి యజమానికీ, అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కు కొత్త కోడ్ ఉద్యోగికి ఇచ్చింది. నెల్లూరులో కార్మిక శాఖ కార్యాలయం ఉంది. నిర్మాణ పనిలో 250 మంది గానీ, అంతకు మించి గానీ ఉంటేనే సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి అని కోడ్ చెబుతోంది, మీ సైటు ఆ లెక్కలోకి రాదు కాబట్టే ఇంత బరువు డిప్లొమా చదివిన ఒక్క అమ్మాయి మీద పడింది. ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళితే పని కొన్నాళ్లు ఆగొచ్చు, కూలీలకు రోజులు పోవచ్చు, మీ పేరు బయటికి రావచ్చు. అందుకే దీన్ని చివరికి పెట్టాను. ఆ కన్నం మూయడానికి కూడా ఒప్పుకోకపోతే మాత్రం ఆగకండి.

ఎటు పోయినా ఒకటి చేసి పెట్టండి. ఆ కుర్రాడికి 18 నిండాయి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు, అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు కూడా తీసుకోవచ్చు. 

మామ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది కోడ్‌లూ యాపులూ కాదు, ఆ చేతులు. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై మంది కూలి ఆయన జేబులోంచి పోవాలి, బిల్లు ఆగితే అప్పు తేవాలి. మీ నాన్నను మోసిన భుజం అది. కానీ ఆ రోజు ఆసుపత్రిలో ‘ఇంటి దగ్గర పడ్డాడు’ అన్నప్పుడు పక్కన ఉన్నదీ ఆయనే. ఆయనకు తెలుసు ఆ ఒక్క వాక్యంతో మీ ఇంట్లో ఏం పోయిందో. మీరు గుర్తు చేస్తే నిందించినట్టు వినపడుతుంది. మీ నాన్న చెబితే వేరుగా వినపడుతుంది.

ఈ ఆదివారం ఊరికి పోయినప్పుడు మామను కూడా ఇంటికి పిలవండి. మీరు మాట్లాడే ముందు నాన్నను అడగండి, 2008లో ఆ పరంజాకు అసలేమైందని, కట్టు తెగిందా, కర్ర పుచ్చిందా, అంతకు ముందే ఎవరికైనా తెలుసా అని. ఇన్నేళ్లలో మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన చెప్పేది ఇద్దరూ వినండి. ఆ తర్వాత మీరు రాయబోయే ఉత్తరం మామకు చదివి వినిపించండి. ఆయన పేరు ఎక్కడ ఎలా రావాలో ఆయన్నే అడగండి.

సెంట్రింగ్ కార్పెంటరును మాత్రం ఆదివారం దాకా ఆపకండి. రేపు పొద్దున హాజరు పడగానే నాలుగో అంతస్తుకు పంపండి, మీరూ వెంట వెళ్లండి.